పదో స్థానానికి దిగజారిన బట్టతలాయన

గ్యాస్ అయిపోయినా పట్టని మనిషి, చొక్కా గుండీ ఊడినా చూసుకోని మనిషి, పాయింట్ గార్డుల విషయంలో మాత్రం మహా పట్టింపు. ఆమె మొగుడు ఆ రోజు కూడా మొహం కడుక్కోగానే పాత బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఒకటి టీవీలో పెట్టాడు. కిటికీ పక్కన కుర్చీలో ఉన్న తండ్రి ఎదుట స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

“నాన్నా, విను. పాయింట్ గార్డుల్లో మొదటివాడు మా పొట్టోడు. నీ బట్టతలాయన ఆరోవాడు.”

నిన్నటిదాకా ఐదోవాడు.

బంతి తెచ్చి, జట్టులో ఎవరికి ఎప్పుడు అందించాలో తేల్చే ఆ స్థానంలో ఇద్దరూ ఉద్దండులే. ఇద్దరూ రిటైరై ఏళ్లయింది. తండ్రీకొడుకుల తగవు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. ఒకప్పుడు వీళ్ల అరుపులకి కింది వాటావాళ్లు కర్రతో పైకప్పు పొడిచేవాళ్లు. ఈ వేసవి నుంచీ వాదించేది ఒక్కడే.

“పాసులివ్వడం తప్ప ఏం వచ్చు నీ హీరోకి? బుట్టలో వెయ్యమంటే సొంత డబ్బు వేస్తున్నట్టు వెనకాడేవాడు.”

మామగారు టీవీ వైపే చూస్తున్నారు.

“ఏం, ఒప్పుకున్నట్టేనా? ఒక్క మాట అను నాన్నా, వదిలేస్తా.”

ఆయన ఉలకలేదు, పలకలేదు.

ఆమె టీ కప్పు మామగారి ఎడమచేతికి అందించి, మొగుడి వైపు తిరిగింది. “పొద్దున్నే పెద్దాయన్ని ఎందుకండీ సతాయిస్తారు? మీకు విసుగు లేకపోయినా నాకొస్తోంది.”

“నువ్వు మధ్యలో రాకు. ఇది మా ఇద్దరి గొడవ.”

“ఇద్దరా? నాకు ఒక్క గొంతే వినిపిస్తోంది మరి.”

అతను టీవీ సౌండు పెంచాడు. కళ్ల కింద నలుపు. ఆఫీసుకి ఈ రోజూ ఆలస్యమే.

మధ్యాహ్నం ఆడపడుచు ఫోన్ చేసింది. “వదినా, నాన్న అన్నయ్యతో మాట్లాడాడా?”

“ఎక్కడ! అటువైపు నిశ్శబ్దం, ఇటువైపు లౌడ్‌స్పీకర్. మధ్యలో నా చెవులు.”

“అన్నయ్య పంతం తెలిసిందేగా. ఇక మానెయ్యమను వదినా, పాపం నాన్న.”

“నువ్వే చెప్పు. నా మాట వింటే ఇంట్లో గ్యాస్ ఉండేది.”

అతను మానలేదు. వారం తిరక్కుండానే బట్టతలాయన పదో స్థానానికి పడిపోయాడు. ఆదివారం ఫైనల్ మ్యాచ్ పెట్టాడు. మామగారికి ప్రాణమైన మ్యాచ్ అది.

“ఆఖరి క్షణంలో, వెనక్కైనా చూడకుండా పాస్ ఇచ్చి కప్పు గెలిపించింది ఎవరూ? మా పొట్టోడు!”

వంటింట్లో గిన్నెలు తోముతున్న ఆమె ఆగలేకపోయింది. “అయ్యో, అది బట్టతలాయన కదండీ? నాక్కూడా తెలుసు! ఎంత పంతమైతే మాత్రం అంత అన్యాయమా?”

అతను వెనక్కి తిరిగి చూసిన చూపుకి ఆమె నోరు మూతపడింది.

“పొట్టోడే,” అన్నాడు ఇంకా గట్టిగా. “కాకపోతే నాన్నే చెప్తాడుగా. చెప్పు నాన్నా! నీ బట్టతలాయన అప్పుడు బెంచీ మీద కునుకు తీస్తున్నాడు. అవునా, కాదా?”

మామగారి మొహం ఎర్రబడింది. కుర్చీ చెయ్యి బిగించి పట్టుకున్నారు.

“తప్పు!” అన్నారు బొంగురుగా.

అతను స్టూలు మీంచి జారి తండ్రి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

“తప్పే నాన్నా. నాదే తప్పు. పాస్ నీ వాడిదే, కప్పూ నీ వాడిదే. మొదటివాడు బట్టతలాయనే, సరేనా? పొట్టోణ్ణి పదోవాణ్ణి చేసెయ్!”

ఇన్నేళ్ల కాపురంలో మొగుడు ఓడిపోయానని ఒప్పుకోవడం ఆమె ఎన్నడూ వినలేదు. సబ్బు చేతులతోనే ఆడపడుచుకి ఫోన్ కలిపింది.

పక్షవాతం వచ్చాక మామగారు పలికిన మొదటి మాట అది.