జనానా ఫోల్డర్

“గోడవైపు తిరిగి కూర్చుంటేనే పని, సార్. కుదరదంటే వచ్చిన దారినే మదనపల్లెకు పోవచ్చు,” అంది హఫ్సా.

కంప్యూటర్లు బాగుచేసే శివకుమార్ అప్పుడే వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఎండకు మొహమంతా చెమట, నల్లద్దాలు ఇంకా తీయనేలేదు. బస్టాండు నుంచి తెచ్చిన ఆటో ఎల్లప్ప ఆయన బ్యాగును గుమ్మం లోపల పెట్టి, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాడు.

“అది కాదమ్మా, అసలు నేను...”

“ఏం చెప్పొద్దు సార్. ముందు తిరగండి.”

శివకుమార్ నవ్వుకుంటూ కుర్చీని గోడవైపు తిప్పుకున్నాడు.

అలావుద్దీన్‌కు తల తీసేసినట్టయింది. పుంగనూరులో ఆ ఫోటో స్టూడియో పేరుకు ఆయనదే గానీ, కూతురు హఫ్సా ముందు ఆయన మాట చెల్లిన రోజు లేదు.

ఆ పిల్ల పట్టుదలకూ కారణముంది. నిఖాలో ఆడవాళ్ళ వైపు ఫోటోలు తీసేది ఆమె తల్లి ఖుర్షీదా. ఆల్బం తయారుచేసేది హఫ్సా. మధ్యలో మగవాడి కన్ను పడదు. ఆ నమ్మకం మీదే చౌడేపల్లె నుంచి కుప్పం దాకా పెళ్ళిళ్ళు వాళ్ళను వెతుక్కుంటూ వచ్చేవి. రీళ్ళు పోయి కంప్యూటర్లు వచ్చాక, ఫోటోలన్నీ దాచడానికి స్టూడియోలో అందరికీ కలిపి ఒక స్టోరేజ్ పెట్టె కొన్నారు. అందులో ఆడవాళ్ళ ఫోటోలుండే ‘జనానా’ అనే ఫోల్డర్‌ను హఫ్సా తప్ప ఇంకెవరూ తెరవలేరు.

పొద్దుటినుంచి హఫ్సా కూడా తెరవలేకపోతోంది.

కుప్పం పెళ్ళికూతురు ఆ రాత్రే భర్తతో బొంబాయి వెళ్ళిపోతోంది. ఆల్బం సాయంత్రం బస్సుకు పోవాలి. పెళ్ళికూతురి తల్లి చేతిలో చెయ్యేసి మరీ మాటిచ్చింది హఫ్సా, ఏ మగవాడూ ఆ ఫోటోలు చూడడని. ఆ మాట పోతే తర్వాత ఎన్ని ఆల్బంలు చేసి ఏం లాభం?

“డాక్టరు ముందర సిగ్గుపడితే యెట్లమ్మా? సార్‌నే సూడనీ,” అన్నాడు అలావుద్దీన్.

“మాటిచ్చింది నేను, అబ్బాజాన్. సార్ చెప్పనీ, నేను చేస్తా.”

“అట్లే కానీమ్మా,” అన్నాడు శివకుమార్ గోడతోనే మాట్లాడుతూ. “పెట్టె యాడుండాది?”

“మీ కుడిచేతి పక్కన, అరలో.”

ఆయన చెయ్యి చాపి పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. “ఫ్యాన్ తిరుగుతాండాది. వేడి కూడా లేదు. మిగతా ఫోల్డర్లు తెరుచుకుంటాండాయా?”

“అన్నీ వస్తాండాయి. జనానా ఒక్కటే ‘యాక్సెస్ డినైడ్’ అంటాండాది.”

“అయితే వైరుదీ కాదు, పాస్‌వర్డుదీ కాదు తప్పు. అనుమతుల కాడ చిక్కు పడిండాది. నిన్న ఎవరన్నా ఏమన్నా మార్చినారా?”

వీడియోలు ఎడిట్ చేసే సోహైల్ ఒకసారి దగ్గాడు. హఫ్సాకు చిన్నాన్న కొడుకు.

“నేనే సార్. ఒక్కొక్కరికీ వేరేగా అనుమతులిచ్చేది కష్టమని అందరినీ ‘స్టాఫ్’ అని ఒక గ్రూపులో యేసినా. జనానాలోకి మగోళ్ళు పోకూడదు కదా, ఆ గ్రూపుకు నిషేధం పెట్టినా. హఫ్సా ఆపాకు మాత్రం వేరేగా అనుమతి ఇచ్చినా.”

“ఆ గ్రూపులో మీ ఆపా ఉండాదా?”

సోహైల్ నాలుక కరుచుకున్నాడు. “అందరినీ యేసినా సార్.”

శివకుమార్ పకపకా నవ్వాడు. “అనుమతీ నిషేధమూ రెండూ ఒకే మనిషి మీద పడితే నిషేధమే గెలుస్తాదప్పా. దొంగలు రాకూడదని ఇంటామెను కూడా బయట పెట్టి తలుపేసినావు.”

హఫ్సా పెట్టె సెట్టింగుల పేజీ తెరిచింది. “ఆడ కనబడేదంతా చదువమ్మా, ఒక్క ముక్క వదలొద్దు,” అన్నాడాయన. ఆమె చదువుతూ పోయింది, ఆయన ఎక్కడ నొక్కాలో చెబుతూ పోయాడు. స్టాఫ్ గ్రూపులోంచి తన పేరు తీసేసి, హఫ్సా జనానా మీద నొక్కింది.

యాక్సెస్ డినైడ్.

“ఆలస్యం అమృతం విషం. బస్సు పోతాదమ్మా, ఇంక సార్‌నే తెరవనీ,” అన్నాడు అలావుద్దీన్.

హఫ్సాకు ఏడుపొచ్చింది. అయినా తల అడ్డంగానే ఊపింది.

“తొందరపడొద్దమ్మా,” అన్నాడు శివకుమార్. “నీ కంప్యూటరు పొద్దుటి సంగతే ఇంకా పట్టుకోనుండాది. ఒకసారి లాగాఫ్ చేసి, మళ్ళీ నీ పేరుతో లోపలికి రా.”

ఆమె అలాగే చేసింది. ఫోల్డర్ తెరుచుకుంది. మెహందీ చేతులు, కిలకిలా నవ్వుతున్న ఆడపిల్లలు, మధ్యలో పెళ్ళికూతురు. హఫ్సా కుర్చీలోంచి ఎగిరి లేచింది.

“ఆగు, పని సగమే అయింది. ఇప్పుడు సోహైల్ కంప్యూటర్లో సూడండి.”

సోహైల్ తన కంప్యూటర్లో నొక్కాడు. “యాక్సెస్ డినైడ్!” అని కేకేశాడు. తలుపు తెరుచుకోలేదని చప్పట్లు కొట్టుకున్న స్టూడియో ఈ జిల్లాలో అదొక్కటే అయి ఉంటుంది. సెట్టింగుల పాస్‌వర్డు కూడా హఫ్సా అక్కడికక్కడే మార్చేసింది.

ఇక ఆమె చేతులు ఆగలేదు. ఆల్బం తయారై అట్టపెట్టెలోకి ఎక్కింది. అలావుద్దీన్ దాన్ని గుండెకు హత్తుకుని బస్సుకు పరుగెత్తాడు. బస్సు దొరికిందని ఫోను రాగానే హఫ్సా సంతోషం పట్టలేక తల్లిని వాటేసుకుంది. అప్పటికీ శివకుమార్ గోడవైపే కూర్చుని, ఖుర్షీదా ఇచ్చిన టీ తాగుతున్నాడు.

గెలిచింది గానీ, హఫ్సాకు ఒక్క అనుమానం మిగిలిపోయింది.

“సార్, నిజం చెప్పండి. కుప్పంలో ఆ అమ్మకు నేను జవాబు చెప్పుకోవాల. మధ్యలో ఒక్కసారన్నా ఇట్ల తిరిగి సూసినారా?”

“అది చెప్దామనే కదమ్మా, వచ్చీ రాగానే నోరు తెరిచింది. నువ్వు చెప్పనిస్తేనా,” అన్నాడు శివకుమార్.

“ఏం చెప్దామని?”

“పుట్టినప్పటినుంచీ నాకు సూపు లేదు.”