కనక పెట్టిన చిక్కుడు కూర

“ఆయిలు పడితే చిక్కుడు పాదు చచ్చిపోతుందని నీకెవరు చెప్పారమ్మా?” అని గట్టు మీద నిలబడే అడిగాడు వరహాలరావు. వ్యవసాయాధికారి అన్నవాడు చేలోకి దిగక్కర్లేదని ఆయన నమ్మకం.

ముంచింగిపుట్టు అవతల ఆ కొండవాలులో కనకకున్నది ఆ ఒక్క నేల చెక్కే. పైనున్న రాళ్ల క్రషర్ వాళ్లు జనరేటర్‌లోంచి తీసిన నల్లనూనెను వాలులోకి వదిలేస్తుంటే, వానతోపాటు అదీ చేలోకి దిగింది. మన్ను జిడ్డుదేరి నీళ్లు పీల్చడం మానేసింది. తీగలు మోకాలెత్తు లేవకుండానే పసుపురంగుకి తిరిగాయి, కాసిన నాలుగు కాయలూ గిడసబారిపోయాయి. జన్మభూమి సభలో ఆమె ఇచ్చిన అర్జీ మీదే సారు వచ్చాడు. ఆయిలు వల్లే నష్టమని ఆయన ఒక్క ముక్క రాస్తే క్రషర్ అక్కణ్ణించి లేస్తుంది. రాయకపోతే కనక పిల్లల్తో సహా కూలికి పోవాలి.

సారు మాత్రం ముందు క్రషర్ ఆఫీసులో కూల్‌డ్రింకు తాగి, మేనేజర్ని వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. వానలెక్కువయ్యాయన్నాడు, కాదు తక్కువయ్యాయన్నాడు, విత్తనం నాసిరకమన్నాడు, చివరికి ఈ కొండజనానికి సేద్యం మీద శ్రద్ధే లేదని తేల్చాడు. మేనేజరు అన్నిటికీ తలూపాడు. “నష్టం లేదు” అని రిపోర్టు అక్కడికక్కడే తయారైపోయింది. సంతకం ఆఫీసుకి పోయి పెట్టడమే మిగిలింది.

కనక ఏడవలేదు, కాళ్ల మీద పడలేదు. ఈ చేలో కాయలే వండానని, గుమ్మంలోకి వచ్చినవాళ్లు తినకుండా పోకూడదని బతిమాలింది. మేనేజరుకి ఉన్నట్టుండి ఉపవాసం గుర్తొచ్చింది. ఆయిలు ఏమీ చెయ్యదని అంతసేపు చెప్పిన నోటితో వద్దనడానికి వరహాలరావుకి దారి లేకపోయింది.

మొదటి ముద్దకే గ్యారేజీ వాసన కొట్టింది. మేనేజరు చూస్తున్నాడాయె, నవ్వుతూ మింగాడు. “బావుందమ్మా. మరి మీరు తినరా?”

“అమ్మోరికి పెట్టకుండా కొత్త చిక్కుడు మేం ముట్టం బాబూ. కొత్త పండగవ్వాల. మీకా పట్టింపు నేదు గదా, ఇంకాస్త ఏసుకోండి.”

ఈ అమాయకులు ఎప్పుడు బాగుపడతారో అని జాలిపడుతూ రెండోసారి కూడా వేయించుకున్నాడు.

ఘాట్‌రోడ్డెక్కాక కడుపులో దేవింది. మొదటి మలుపులో జీపు ఆపించాడు, రెండో మలుపులో ఆపించాడు, ఆ తర్వాత డ్రైవర్ కామేష్ చెప్పకుండానే ఆపుతూ పోయాడు. కల్వర్టు గోడ మీద చతికిలబడి మూతి తుడుచుకుంటుంటే సారుకి కనక పిల్లలు గుర్తొచ్చారు. పండగ రాగానే ఆ పసివాళ్లూ ఇదే తింటారు కదా అనుకునేసరికి ఆయన గుండె కలుక్కుమంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక రైతు కోసం ఆయన బాధపడటం అదే మొదలు. “నష్టం లేదు” అన్నది కొట్టేసి, ఆయిలు వల్ల భూమి పాడైందని, పంట తిండికి పనికిరాదని, క్రషర్‌ని వెంటనే తీయించాలని రాసి సంతకం పెట్టాడు. మనసు మారకముందే తిన్నగా తీసుకెళ్లి పై ఆఫీసరు చేతిలో పెట్టేశాడు.

తిరిగి జీపెక్కుతూ కామేష్‌ని అడిగాడు. అతనిది కనక వాళ్ల పక్క ఊరే.

“ఆ కొత్త పండగ ఎప్పుడోయ్? ఈలోగా వెళ్లి, ఆ కాయలు తినొద్దని వాళ్లకి చెప్పాలి.”

“అది పోయిన వారమే అయిపోనాది సార్.”