తాళంకప్ప

తాళంకప్ప అడుగు పెట్టిన కంపెనీకి తాళం పడుతుందని ఆ పారిశ్రామిక వాడలో అందరికీ తెలుసు.

ఆ మనిషి అసలు పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

రంగుల కంపెనీకి వచ్చాడు, అది మూతపడింది. తివాచీల కంపెనీకి వచ్చాడు, అదీ మూతపడింది. ఇంతకు మించిన రుజువు ఎవరూ అడగలేదు.

గాజు జాడీల కార్ఖానా యజమానురాలు ఇలాంటివి నమ్మే మనిషి కాదు. నమ్మేవాళ్లను చూసి నవ్వే మనిషి.

ఆ మధ్యాహ్నం ఆమెకు నవ్వు రాలేదు.

సరుకు ఓడెక్కి వెళ్లిపోయింది. కొత్త కొలిమికి తెచ్చిన అప్పూ, కొలిమి దగ్గర చెమటోడ్చే వాళ్ల జీతాలూ అన్నీ ఆ ఓడలోనే ఉన్నాయి.

కొన్నవాళ్ల బ్యాంకు ఇచ్చిన లెటర్ ఆఫ్ క్రెడిట్ ఆమె బల్ల మీద ఉంది. ఓడ రసీదు, బీమా, ఇన్వాయిస్ గడువులోగా ఇక్కడి బ్యాంకులో అందజేస్తే సొమ్ము చేతికి వస్తుంది. గడువు దాటితే అది చిత్తు కాగితం.

గడువు రేపటితో ముగుస్తుంది. రేపు బ్యాంకుల సమ్మె.

"బావగారూ, కాగితాలన్నీ సిద్ధం. ఇప్పుడే వెళ్లి ఇచ్చేసి వస్తాను," అంటూ ఆమె ఫైలు చంకన పెట్టుకుంది.

ఆమె అక్క భర్త, వ్యాపారంలో సగం వాటాదారు అయిన బావగారు కిటికీ దగ్గర కొయ్యబారిపోయి ఉన్నారు.

"ఆగమ్మాయ్. గేటు దగ్గర ఎవరున్నారో చూడు."

మాసిన గొడుగు, నెరిసిన గడ్డం. ఆమె ఫైలును ఇంకాస్త దగ్గరకు అదుముకుంది.

ఫోను మోగింది. బావగారు ఎత్తారు. గేటు దగ్గరి వాచ్‌మన్.

"సార్, తాళం... అదేనండి, ఆయన వచ్చాడు. అమ్మగారితో రెండు నిమిషాలు మాట్లాడాలట."

"దేని గురించట?"

"బ్యాంకు కాగితాల గురించటండి."

బావగారు ఆమె వైపు తిరిగారు. "చూశావా! అప్పుడే కాగితాల మీద కన్నేశాడు. ఒరేయ్, గేటు తీశావంటే నీ ఉద్యోగం ఊడుతుంది. వాడు చెప్పేది వినను కూడా వినకు. చెవులు మూసుకో!"

"చెవులు మూసుకుంటే మీ ఫోనెలా ఎత్తనండీ?"

బావగారు ఫోను పెట్టేశారు.

కార్ఖానాకు ఉన్నది ఒక్కటే గేటు.

"నేను కారులో పోతాను. ఆయన నన్నేం చేస్తాడు?" అంది ఆమె.

"ఏమీ చెయ్యడు. ఎదురొస్తాడు, అంతే. రంగుల కంపెనీవాడిని మాత్రం కొట్టాడా, తిట్టాడా?"

"బ్యాంకు మూసే వేళవుతోంది బావగారూ. రేపు సమ్మె."

"అయితే ఏం? గడువు రోజున బ్యాంకు మూసి ఉంటే, తెరిచిన రోజున తీసుకోవాల్సిందే. అంతర్జాతీయ నిబంధన! పోయినేడు గడువు సెలవు రోజున పడితే మర్నాడు తీసుకున్నారా, లేదా?"

తీసుకున్నారు. ఆ మాట నిజమే.

ఆమెకు తాళంకప్ప మీద నమ్మకం లేదు. కానీ ఓడెడు సరుకును పణంగా పెట్టి ఆ లేని నమ్మకాన్ని పరీక్షించుకోవడం అవసరమా అనిపించింది.

బయట ఆ మనిషి గడియారం చూసుకున్నాడు. గేటు చువ్వల మధ్య నుంచి చేయి పెట్టి, పై అంతస్తు కిటికీ వైపు గట్టిగా ఊపాడు. మళ్లీ గడియారం చూసుకున్నాడు.

"మనకు మూడే ఘడియ లెక్కపెడుతున్నాడు," బావగారు గొణిగారు.

ఆమె చేయి తలుపు గొళ్లెం మీద పడింది. అక్కడే ఆగిపోయింది.

బ్యాంకు మూసే వేళ దాటింది.

ఆ మనిషి చేయి దించాడు. తల వంచుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

"పీడ విరగడైంది!" అన్నారు బావగారు.

ఆమె కూడా, తనకు తెలియకుండానే, ఊపిరి పీల్చుకుంది.

సమ్మె ముగిసిన ఉదయం, తలుపులు తెరవక ముందే ఆమె బ్యాంకు మెట్ల మీద ఉంది.

కాగితాలు పరిశీలించే అధికారిణి మొదటి పేజీ దగ్గరే ఆగిపోయింది. "గడువు నిన్ననే తీరిపోయిందండీ."

"నిన్న మూసింది మీరే కదా! తెరిచిన రోజున తీసుకోవాలని నిబంధన ఉంది."

"ఉంది. సెలవులకు. సమ్మెకూ, వరదకూ, అల్లర్లకూ అది వర్తించదు. వాటివల్ల బ్యాంకు మూసి ఉండగా గడువు తీరిపోతే, తెరిచాక మేము సొమ్ము ఇవ్వము. అదీ ఆ నిబంధనల్లోనే ఉంది. కొన్నవాళ్లు గడువు పెంచుతారేమో అడిగి చూడండి."

ఆమె అక్కడి నుంచే ఫోను చేసింది. జాడీల ధర పడిపోయిందట. సగానికిస్తే తీసుకుంటారట.

సగానికిస్తే కొలిమి ఆరిపోతుంది.

అధికారిణి గొంతు తగ్గించింది. "ఆ గొడుగు పెద్దాయన మీ దగ్గరికి రాలేదా?"

"ఆయన... ఆయన మీకు తెలుసా?"

"తెలియకేం? వరదకు బ్యాంకు మూతపడినప్పుడు ఆయన కార్ఖానా ఇలాగే పోయింది. అప్పటి నుంచీ సమ్మె అన్న మాట వింటే చాలు, ఎగుమతి చేసే ప్రతి కంపెనీకీ వెళ్లి, ఇవాళే కాగితాలు ఇచ్చేయండని చెప్పి వస్తారు."

"వచ్చారు. మేము గేటు తీయలేదు."

"రంగుల కంపెనీవాళ్లూ తీయలేదు. చందా అడగడానికి వచ్చాడనుకున్నారు. తివాచీలవాళ్లు మీలాగే భయపడ్డారు," అంటూ అధికారిణి ఫైలు మెల్లగా ఇవతలికి జరిపింది.

ఆ వాడలో మూతపడిన కంపెనీల్లో ఒక్కదానిలోనూ ఆయన అడుగు పెట్టలేదు. అడుగు పెట్టనిచ్చినవన్నీ నడుస్తూనే ఉన్నాయి.