విమానం లేచేలోగా

టిక్కెట్టు చవక. అందుకే కాబోలు, ఆ విమానంలో మిగతావన్నీ ఖరీదే.

మంచినీళ్లకు కూడా డబ్బు పుచ్చుకుంటారు. మోకాళ్లు ముందు సీటుకు ఆనించి, మోచేతులు ముడుచుకుని కూర్చోవాలి. ఏడుపొస్తే పక్కవాళ్ల భుజం తగులుతుండగానే ఏడవాలి.

రెబెక్కమ్మ ఏడ్చి ఏడ్చి ఊరుకుంది.

కువైట్‌లో ఒక ఇంట్లో వంటమనిషి ఆమె. మస్కట్‌లో పనిచేసే అన్న తిమోతి గుండె ఆగి పోయాడని ఊరినుంచి కబురొచ్చింది. కాగితాలు ఎప్పటికవుతాయో, శవం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేదు. ముందు తను వెళ్లి వదినకు తోడుందామని దొరికిన టిక్కెట్టు పట్టుకుని బయల్దేరింది. దారిలో మస్కట్‌లోనే విమానం మారేసరికి ఫోనులో చార్జింగ్ అయిపోయింది.

ఆమెను లోపల తొలిచేస్తున్నది ఒకటే.

వాళ్ల సంఘంలో ప్రార్థన చేయకుండా ఎవరూ ప్రయాణం కట్టరు. నెల్లూరుకు బస్సెక్కాలన్నా చేస్తారు. శవం ఇంట్లోంచి లేవాలంటే మరీను. పరాయి దేశంలో, కూలీల గదిలో, అన్న కోసం కళ్లు మూసుకుని ఒక్కమాట ప్రార్థన చేసేవాళ్లెవరు? దిక్కులేనివాడిలా పెట్టెలో పెట్టి పంపేస్తారు కదా.

బైబిలు ఒళ్లో పెట్టుకుని, తన ప్రయాణానికైనా ప్రార్థన చేసుకుందామని కళ్లు మూసుకుంది.

పక్క సీటులో ఎవరో వచ్చి కూలబడ్డారు.

గుప్పున వాసన కొట్టింది. రెబెక్కమ్మ కళ్లు తెరిచింది.

నలిగిన చొక్కా, ఎర్రబడ్డ కళ్లు, మాసిన గడ్డం. అతను బైబిలు వైపే చూస్తున్నాడు.

"తెలుగోళ్లా అక్కా?"

ఆమె బైబిలు దగ్గరికి లాక్కుంది.

"మాది పులికాట్ కాడ. మీరు యేసుప్రభువుని నమ్మినోళ్లు గదా. నాకొక సాయం చేయాలక్కా."

"ఏంది?"

"ఒక చిన్న ప్రార్థన చెయ్యండక్కా. విమానం లేచేలోగా. నాకు రాదు, నేను హిందువుని."

"ఎవురికి?"

"మావోడికి. కింద..."

అతను ముందుకు వంగేసరికి వాసన ముఖానికే కొట్టింది. అంతే, ఆమెకు ఒళ్లు మండిపోయింది. తాగుబోతు మొగుడితో కాపురం చేసిన మనిషి. ఆ మొగుడు కూడా తాగొచ్చిన ప్రతిసారీ ప్రార్థన చెయ్యమని కాళ్లు పట్టుకునేవాడు.

"తాగొచ్చి ప్రార్థన అడగతావా? దేవుడంటే నీకు ఆటగా ఉండాదా?"

"తాగలేదక్కా. ఈ వాసన..." అతను తన చేతుల వైపు చూసుకున్నాడు.

"నాతో మాట్లాడబాక."

ఆమె పైన మీట నొక్కింది. ఎయిర్‌హోస్టెస్ వస్తే, వచ్చీరాని హిందీలో చెప్పింది. తాగి ఉన్నాడు, మీద మీద పడుతున్నాడు, ఇక్కణ్ణుంచి తీసేయండి.

మీద పడ్డాడన్నది అబద్ధం. అలా అంటేనే పని జరుగుతుందని ఆమెకు తెలుసు.

అందరూ తలలు తిప్పి చూశారు. ఎవరో ఫోనెత్తి వీడియో కూడా తీశారు. అతను ఒక్కమాట ఎదురు చెప్పకుండా లేచి, ఎయిర్‌హోస్టెస్ వెనకే నడిచి, మరుగుదొడ్డి పక్కనున్న చివరి సీటులో కూర్చున్నాడు.

విమానం లేచింది. కోపంతో రెబెక్కమ్మకు ఒక్కమాటా నోట రాలేదు. ప్రార్థన చేయకుండానే బైబిలు మూసేసింది.

చెన్నైలో దిగి బయటికొచ్చేసరికి అన్నకొడుకు గిద్యోను ఎదురొచ్చాడు. కృష్ణపట్నం పోర్టులో పనిచేస్తాడు. డ్యూటీ బట్టలతోనే ఉన్నాడు.

"ఫోనెందుకు ఎత్తలేదత్తా? నాయన కూడా ఈ విమానంలోనే వచ్చినాడు."

ఆమె నిలబడిపోయింది.

"నేనొచ్చిన దాంట్లోనా?"

"ఆఁ. కాగితాలు ఉన్నట్టుండి అయిపోయినాయంట. వెంకటాచలం ఊర్నుంచి అంబులెన్సు మాట్లాడుకోనొచ్చినా. రా, కార్గో కాడికి పోదాం."

నడుస్తూనే చెప్పాడు.

"ఒక్కడే రాలేదులే అత్తా. నాయన గదిలో ఉండే ఆయన లీవు పెట్టి వెంట తెచ్చినాడు. పోయేటప్పుడు నాయన ఆయన చెయ్యే పట్టుకోనుండాడంట. ఆస్పత్రిలో ఆయనే దగ్గరుండి స్పిరిట్‌తో ఒళ్లంతా తుడిచి, గడ్డం గీసి, కొత్త చొక్కా తొడిగినాడంట. తనేమో ఆ స్పిరిట్ పడిన బట్టలతోనే విమానం ఎక్కేసినాడు పాపం."

స్పిరిట్ అనేసరికి రెబెక్కమ్మకు విమానంలో కొట్టిన వాసన గుర్తొచ్చింది.

కార్గో గేటు దగ్గర చెక్కపెట్టె దించుతున్నారు. ముందువైపు తన భుజం ఆనించి పట్టుకున్నవాడు ఆ నలిగిన చొక్కా మనిషే.

"మా అత్త. నాయనకు సొంత చెల్లెలు," అన్నాడు గిద్యోను. "ఈయన గంగాధరమన్న, అత్తా."

గంగాధరం ఆమెను చూశాడు. చేతులు జోడించాడు. ఆమె చేతులు పైకి లేవలేదు. క్షమించమని అడగాలనే ఉంది. అన్నకొడుకు ముందు ఏమని మొదలుపెట్టాలి?

గిద్యోను ఫోను మోగింది. విని, చేత్తో మూసి అడిగాడు.

"అన్నా, మాయమ్మ రాత్రి నుంచీ ఇదొకటే అడగతాండాది. నాయన బయల్దేరేటప్పుడు ఎవురన్నా ప్రార్థన చేసినారా?"

రెబెక్కమ్మ పెట్టె అంచు పట్టుకుని తల వంచేసుకుంది. అతను ఏం చెప్పినా పడాల్సిందే అనుకుంది.

గంగాధరం పెట్టె మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"చేసినారని చెప్పబ్బాయ్. విమానం లేచేలోగా నా పక్కన కూర్చున్న అక్క ఒకామె కళ్లనీళ్లు పెట్టుకోని మరీ చేసింది," అన్నాడు, రెబెక్కమ్మ వైపు చూడకుండా.