మొదటి కత్తెర

సబినా మందలో పదకొండో అల్పాకా వీపు మీది ఉన్నిని ఫెర్మీన్ బొటనవేళ్ళతో పాయ తీసి చూశాడు. కాస్త చెంపకు ఆనించుకున్నాడు. మొహం చిట్లించాడు.

"ఇది ఉన్నేనా, చీపురా? తాడు పేనుకో."

"అన్నిటికీ అదే మాటంటున్నావు పెద్దయ్యా. పదకొండు తాళ్ళు నేనేం చేసుకోను?"

"పదకొండోది నీ మొగుణ్ణి కట్టేయడానికి."

ఆండీస్ కొండల్లో ఆ పక్కంతా ఉన్ని పరీక్షలో ఫెర్మీన్ మాటకు తిరుగు లేదు. నోటికి అదుపూ లేదు. ఆయన దగ్గరున్న తెల్ల అల్పాకా పోతు లాంటిది మరే మందలోనూ లేదు. అది దొరికితే రెండు ఈతల్లో సబినా మంద బాగుపడుతుంది. లేకపోతే ఆమెకు తాళ్ళే గతి.

దొరికే దారి ఒక్కటే. మొదటి కత్తెర వేసినవాడు తన మందలోంచి ఒకదాన్ని ఆ ఇంటికి ఇచ్చి తీరాలి. అక్కడి ఆచారం అది. ఏది ఇవ్వాలన్నది మాత్రం అతని ఇష్టం. ఫెర్మీన్ ఇప్పటికి ఆరుసార్లు మొదటి కత్తెర వేశాడు. ఆరుసార్లూ పళ్ళూడిన ముసలివాటినే తోలాడు.

"లోపల ఇంకోటుంది," అంది సబినా. వెళ్ళి ఎత్తుకొచ్చి ఆయన ముందు నిలబెట్టింది.

"కత్తెర తగల్లేదుగా?"

"మూడేళ్ళుగా నీ కోసమే ఉంచాను."

ఫెర్మీన్ కోకా ఆకులు బుగ్గన పెట్టుకుని వంగాడు. అది తన్నింది. సబినా, ఆమె మొగుడు చెరో పక్కా పట్టుకున్నారు.

ఆయన మెడ దగ్గర పాయ తీశాడు. చిక్కుకున్న గడ్డిపరక ఏరి పారేశాడు. పొడవు కొలిచాడు, జానెడుకు పైనే ఉంది. చెంపకు ఆనించుకున్నాడు. ఎంతసేపటికీ తియ్యలేదు.

"ఎక్కడ కొన్నావే?"

"కొనడమేంటి పెద్దయ్యా? మా గుడిసెలోనే పుట్టింది."

"నీ ఇంట్లో ఇంత మెత్తటిదా! నలభై ఏళ్ళలో నా చేతికి ఇలాంటిది తగల్లేదు. నీ పదకొండూ కలిపినా దీని కాలిగోటికి చాలవు."

"అయితే మరి..."

"తోలుకుపో తెల్ల పోతుని. నా ప్రాణం తియ్యకు."

సబినాకు కళ్ళు చెమర్చాయి. ఫెర్మీన్ ఒక్క పాయ కత్తిరించి పళ్ళెంలో పెట్టాడు.

కత్తెర కిర్రుమనగానే ఆ మూడేళ్ళది, "అమ్మా, తాత నా జుట్టు కోసేశాడే!" అని బావురుమంటూ సబినా పావడాలో మొహం దాచుకుంది.