చెవుల్లేని పెట్టె

"కరెంటు బాగుందండీ" అంది గోడమీటరు. అప్పటికే హైమావతి అత్తగారి ఊపిరి మిషను మరోసారి ఆగింది. ప్రతి వస్తువూ మనిషి మాట వింటూ, తన మంచి తానే చెప్పుకునే రోజులవి. కరెంటు కంపెనీ కూడా మీటరు మాటే నమ్మేది, మనుషుల మాట కాదు.

ఆ కసితోనే హైమావతి పాతసామాన్ల కొట్టులో ఆసిల్లోస్కోపు కొనుక్కొచ్చింది. కరెంటు తీరును గీత గీసి చూపించే పాతకాలపు పెట్టె అది. వాడే పద్ధతి చెప్పే పుస్తకం లేదు. "నిన్నెలా వాడాలి?" అని అలవాటుకొద్దీ దాన్నే అడిగి, జవాబు కోసం కాసేపు కూర్చుని, తనను తాను తిట్టుకుంది. తర్వాత ఒక్కో నాబ్ తిప్పుతూ, తెర పైన ఎక్కడో దాక్కున్న గీతను కిందికి లాగింది. టార్చిలైటు బ్యాటరీ తగిలిస్తే గీత సరిగ్గా దాని వోల్టులకు తగినంతే లేచింది. అప్పుడుగానీ పెట్టెను నమ్మలేదు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మీదుగా గోడ కరెంటు కలిపితే గీత అలలా ఊగింది. మిషను ఆగినప్పుడల్లా తెరమీది అల కుంగిపోతోంది.

ఫిర్యాదు మీద వచ్చిన కంపెనీ మనిషి పరంధామయ్య పెట్టెను చూసి మొహం చిట్లించాడు.

"రిజిస్టరు కాని వస్తువు. దీని సాక్ష్యం చెల్లదమ్మా. ఆపేయండి."

"మీరే ఆపండి."

"స్కోపూ, ఆగిపో" అన్నాడతను. అల ఊగుతూనే ఉంది. గొంతు పెంచి మళ్లీ అన్నాడు.

"దానికి చెవుల్లేవు" అంది హైమావతి.

అంతలో అల కుంగింది. లోపలి గదిలో మిషను ఆగింది.

"కరెంటు బాగుందండీ" అంది గోడమీటరు.

హైమావతి చేత్తో నొక్కే గాలితిత్తి తెచ్చి పరంధామయ్య చేతిలో పెట్టింది.

"ఆ బాగున్న కరెంటు వచ్చేదాకా మా అత్తగారికి మీరే ఊపిరి కొట్టండి."