ఏడో ఎక్కం

ఆ బడిలో ఏ పిల్లకు తగ్గ పాఠం ఆ పిల్లకు ముందున్న మాట్లాడే యంత్రపు బల్లే చెబుతుంది. పైడితల్లికి నత్తి అని పసిగట్టిన నాటినుంచి ఆమె బల్ల రాయించడమే తప్ప నోరు విప్పమని అడగలేదు.

ఇవాళ ఎక్కం చెప్పించే వంతు ఆమెది. ఆమె బల్ల ఆమెను దాటేసి పక్కపిల్లను పిలిచింది. పైడితల్లి విసురుగా లేచి అందరి ముందుకు వచ్చి నిలబడింది.

"ఏ... ఏ... ఏడొకట్ల ఏడు!"

తరగతంతా వంత పలికింది.

"ఇబ్బంది పడకమ్మా, రాసి చూపిస్తే చాలు," అంది బల్ల మెత్తగా.

"ఇ... ఇబ్బంది నాది. న... నువ్వు కూకో!"

పిల్లలు బల్లను చూసి గొల్లున నవ్వారు.

"ఏడు రె... రె..."

మాట చిక్కుకుంది. బల్లలన్నీ జవాబు అందించబోయాయి. పిల్లలు అరచేతులతో వాటి నోళ్లు నొక్కేశారు. పైడితల్లి చెప్పేదాకా ఏడు రెళ్లు ఎంతో ఆ తరగతిలో ఎవరికీ తెలియదు.